రుమాలునకు వచ్చిన గిరాకి



నేడు మీతో ఒక రుమాలును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. రుమాలనగానే పట్టణవాసులు ముఖము తుడుచుకొను చేతిగుడ్డ యని తలంతురు. మన తెలంగాణపు పల్లెలయందు తలకు చుట్టుకొనునదియు రుమాలే. నేను చెప్పబోవునది నిండు చతురస్రముగా నుండు పెద్ద గుడ్డ. ఎఱుపు, నలుపు, తెలుపు అను మూడే వన్నెలు. నడుమ గళ్ళు, చుట్టును వెడల్పైన అంచు. ముఖమునొద్దకు తెచ్చుకొన్నచో నూనెవాసన వేయును. ఆ నూనెనుబట్టియే దానికి తేలియా రుమాలని పేరు వచ్చినది. తేల్ అనగా ఉర్దూ మాటలో నూనె.

చాలకాలము అడుగువారు లేక మూలపడిన ఈ రుమాలునకు ఇటీవలి ఏండ్లలో మరల గిరాకి పుట్టినది. నగరమునందలి స్త్రీలు దానిని ఓణీగా వేసికొనుచున్నారు. అదే పనితనముతో చీరలు నేయించుకొనుచున్నారు. గిరాకి వచ్చెనన్న సంతోషింపని నేతవాడుండడు. కాని వచ్చిన గిరాకిని ఎట్లు నిలుపుకొనవలెనన్నది గిరాకి లేనినాడు ఎట్లు బ్రతుకవలెనన్నంత కష్టమైన ప్రశ్న. ఈ సంగతి నాకు శాస్త్రములు చెప్పలేదు. నావద్ద చదువుకొన్న ఒక నేతవారి పిల్లవాడు చెప్పెను.

నేను ముప్పదియాఱేండ్లు నల్లగొండ జిల్లా పాఠశాలలయందు తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్న పంతులను. ఇప్పుడు హైదరాబాదు అశోకనగరున నా కుమారునింట కాపురము. సాయంకాలము కాగానే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు నడచిపోవుట నాకు అలవాటు. ఆ గ్రంథాలయమును, ఆ చుట్టుప్రక్కల వీధులను మీలో అనేకులు చూడకున్నను వినియుందురు. ఏలయన మీ కుమారులో, మనుమలో అచ్చటనే యొక యిరుకుగదిలో నలుగురితో కలిసి వసించుచు, ప్రభుత్వోద్యోగపు పరీక్షలకు చదువుచుందురు. ఉదయము తలుపు తీయకముందే వచ్చి బారులు తీరుదురు. రాత్రి దీపమార్పు వేళకు లేతురు. వారిలో నా పూర్వశిష్యుడొకడు గత సంవత్సరము నన్ను గుర్తించి వచ్చి నమస్కరించెను. వానిది పుట్టపాక ప్రక్క గ్రామము, నేతవారి కుటుంబము. పేరు చెప్పను. చెప్పవలసిన పనియు లేదు. అటువంటివారు వేలకొలది యున్నారు.

వాడు నాతో చెప్పిన మాటలను వాని నోటివెంట వచ్చినట్లే చెప్పెదను. "సారూ, మా నాయిన ఫోను చేసినాడు. రుమాళ్లకు గిరాకి వచ్చిందట. ఇంట్ల చిటికి కట్టేటందుకు చేతులు లేవు, వచ్చెయ్యి బిడ్డా అంటున్నాడు. నాలుగేండ్లసంది ఈ పుస్తకాలు పట్టుకొని కూసున్న. మగ్గం మీద కూసోవద్దనే కదా నన్ను చదివించిండు. ఇప్పుడు ఆయనే రమ్మంటుండు. పోవాల్నా, ఉండాల్నా?"

నాకు వెంటనే ఉత్తరము తోచలేదు. పుట్టినది మొదలు నేసిన గుడ్డ కట్టుకొనుచున్నవాడనేగాని, ఆ గుడ్డ ఎట్లు పుట్టునో, ఎవరికి అమ్ముడుపోవునో నేనెన్నడును విచారింపలేదు. నాలుగు దినములు గడువడిగి, అదే గ్రంథాలయమున గళ్ళ గుడ్డలను గూర్చి దొరికిన పుస్తకములన్నియు తిరుగవేసితిని. అప్పుడు నాకొక చిత్రమైన విషయము తెలిసినది. గళ్ళ గుడ్డకు గిరాకి వచ్చుట, పోవుట, మరల వచ్చుట మన ఒక్క దేశపు కథ కాదు.

బ్రిటనుకు ఉత్తరభాగమున స్కాట్లండు దేశము కలదు. అచ్చటి కొండసీమలయందు ఉన్నితో గళ్ళ వస్త్రము నేయుదురు. దానికి టార్టన్ అని పేరు. పడుగునందు ఏ వన్నెపోగులు ఏ లెక్కతో వచ్చునో, పేకయందును సాధారణముగా అదే లెక్కతో వచ్చును. దానిచేత గళ్ళేర్పడును. 1745లో ఆ కొండసీమలవారు తిరుగుబాటు చేయగా, ప్రభుత్వము మఱుసటియేడు శాసనముచేసి అచ్చటి పురుషులు ఆ వేషము ధరింపరాదని నిషేధించెను. ఆ నిషేధము 1782వఱకు నిలిచినది. ముప్పదియాఱేండ్లు! నేను ఉపాధ్యాయుడుగా పనిచేసినంత కాలము. ఒక తరము నేతగాండ్రు చేయివిడుచుటకు అది చాలదా?

తరువాత 1822లో నాల్గవ జార్జిరాజు ఎడింబరో నగరమునకు విచ్చేసినపుడు, సర్ వాల్టర్ స్కాట్ అను రచయిత స్వాగతసన్నాహములు నడపి, గళ్ళవేషమునకు గొప్ప గౌరవము కల్పించెను. రాజుగారు సైతము గళ్ళవస్త్రము ధరించిరి. నిన్నటిదాక నేరమైన గుడ్డ నేడు రాజవేషమయ్యెను. బానక్‌బర్న్ అను ఊర విల్సను కుటుంబమువారి నేతశాల యుండెను. గిరాకి వెల్లువవలె వచ్చి వారిమీద పడెను. అయితే వారు అంతకు మూడేండ్లు ముందే, అనగా 1819లో, ఏ గడికి ఏ వన్నె ఎన్ని పోగులో లెక్కకట్టి ఒక పుస్తకమున వ్రాసియుంచుకొనిరి. ఫలానా వంశమునకు ఫలానా గడి యను నియమము అనాదినుండి వచ్చినదని లోకులు తలంతురుగాని, అది చాలవఱకు ఆ గిరాకి దినములలో స్థిరపడినదే. నేటికిని ఆ దేశమువారు 2008లో ఒక చట్టమునుచేసి, గళ్ళను నమోదుచేయు ప్రభుత్వపు చిట్టాను నడపుచున్నారు. గిరాకి వచ్చినపుడు గడి చెడకుండుటకు వారికి ఆ లెక్క ఆధారమయ్యెను.

ఇక మన దేశమునకు వత్తము. చీరాల పేరు మీకు చీరాల పేరాల ఉద్యమమువలన తెలిసినదే. ఆ చీరాల మగ్గములమీదనే తేలియా రుమాలు పేరుగాంచెను. అచ్చటినుండి అరబ్బు దేశములకును, ఏడెనునకును, తూర్పు ఆఫ్రికాకును, బర్మాకును ఎగుమతియయ్యెడిది. ఎడారిలో తిరుగువారికి ఆ నూనెగుడ్డ తలకు చల్లదనమిచ్చుననియు, ధూళిని ఆపుననియు చెప్పుదురు. మన నిజాము ఆస్థానమునందును దానికి ఆదరణ యుండెను. ఇరువదవ శతాబ్ది నడుమకు వచ్చుసరికి ఆ ఎగుమతి సన్నగిలినది. కొన్నవారెందులకు మానిరో నేసినవారికి ఎవరును వచ్చి చెప్పలేదు.

అదే చీరాల ప్రాంతమున మఱియొక గళ్ళ గుడ్డ నేయబడెను. దానిని మద్రాసు రుమాలనిరి. అది పడమటి ఆఫ్రికాయందలి నైజీరియాకు పోయెడిది. అచ్చటి కలబరీ జాతివారు దానిని ఇంజిరి యందురు. పురిటియింటను, పెండ్లియింటను, చావింటను అది లేక వారికి కార్యము జరుగదు. వారి స్త్రీలు మన గళ్ళ గుడ్డను తీసికొని, పదునైన కత్తితో కొన్ని పోగులను మాత్రము నేర్పుగా కోసి లాగివేసి, గడిలోనుండి క్రొత్త గడిని పుట్టింతురు. మన నేతవాడు పోగుపోగు కూర్చిన దానిని వారు పోగుపోగు తీసి అందగింతురు. ఒకరినొకరు ఎన్నడును చూడని ఇరువురు చేసిన పని ఒకే గుడ్డయందున్నది. ఇది చదివినపుడు నాకు మేను పులకరించినది.

ఆ మద్రాసు గళ్ళకే 1958లో అమెరికాయందు మఱియొక గిరాకి పుట్టెను. ఆ గుడ్డకు వేసిన రంగు నీటిలో పెట్టినచో కారిపోవును. చల్లనీట మెల్లగా ఉతుకవలెనన్న మాట కొన్నవారికి చేరలేదు. చొక్కాలు రంగు విడిచి గొడవ పుట్టినది. అప్పుడు సరకు పంపిన కెప్టెన్ కృష్ణన్ నాయరు అను మలయాళ వర్తకుడు అమెరికాకు పోయి, ఉతికినకొలది క్రొత్త వన్నె తేలుటయే దీని మహిమ యని పత్రికలో వ్రాయించెనని చెప్పుదురు. దోషము గుణమయ్యెను. రంగు కారు గుడ్డయే కావలెనని జనులు ఎగబడిరి. కాని వేడుకకు పుట్టిన గిరాకి వేడుకతోనే పోవును. కొలది ఏండ్లకు అది చల్లారెను.

ఇక దుఃఖకరమైన మాట యొకటి చెప్పక తప్పదు. 1991లో నూలు ధర విపరీతముగా పెరిగి, పని దొరకక, అదే చీరాల ప్రాంతమున నేతకుటుంబములలో ఆకలిచావులు సంభవించెను. దేశదేశములకు గుడ్డ నేసిపంపిన ఊళ్ళవి. గిరాకి వచ్చిన దినములలో లాభము ఎచ్చట ఆగినదో, గిరాకి పోయిన దినమున ఆకలి ఎవరియింట దిగినదో మీరే యోచింపుడు.

ఇదియంతయు చదివి నేను నా శిష్యునితో, "నాయనా, నీ ప్రశ్నకు ఉత్తరము ఇచ్చట దొరకదు. మీ యింటికి పోదము రమ్ము" అంటిని.

ఇచ్చట నా అవివేకమును ఒకటి ఒప్పుకొనవలెను. వానియింటికి వట్టిచేతులతో పోరాదనియు, తేలియా విలువ నాకును తెలియునని చూపవలెననియు తలంచి, నారాయణగూడలో ఒక అంగడికి పోయితిని. అంగడి పేరు చెప్పను. అసలైన తేలియా యని చెప్పి ఒక ఓణీని చూపిరి. ఎఱుపు, నలుపు, తెలుపు, గళ్ళు, అన్నియు నుండెను. మా కోడలికని కొని, మరునాడు బస్సులో గర్వముతో వానికి చూపితిని. వాడు దానిని ఒక్కమారు త్రిప్పి, వెనుకవైపు నాకు చూపి ఊరకుండెను. వెనుకవైపు వన్నెలు వెలవెలపోవుచుండెను. అది నేసినది కాదు, అచ్చువేసినది. వాడు నావద్ద చదువుకొన్నపుడు నేను వాని వ్రాతలో తప్పులు దిద్దితిని. ఆనాడు వాడు నా తప్పు దిద్దెను, అదియును నోరెత్తకుండ.

అసలైనదానిని గుర్తించు విధమును వాడు చెప్పగా నేర్చుకొంటిని. మీకును చెప్పెదను. నేసిన బొమ్మ రెండువైపుల ఒక్కతీరుగనే యుండును. బొమ్మ అంచులు గీతగీసినట్లు తీక్ష్ణముగా నుండక, పక్షి ఈకవలె కొంచెము చెదరియుండును. పోగు తీసిచూచినచో ఒకే పోగుపై తెలుపు, ఎఱుపు, నలుపు వంతులవారిగా కనబడును. ఇక నూనెవాసన యుండనే యున్నది.

పుట్టపాక హైదరాబాదునకు సుమారు అఱువది, డెబ్బది కిలోమీటర్ల దూరమున, సంస్థాన నారాయణపురము మండలమున నున్నది. చీరాలనుండి ఈ చిటికి విద్య 1915 ప్రాంతమున పోచంపల్లి సీమకు వచ్చెనని చెప్పుదురు. ఆ సీమయందు అది వ్రేళ్ళూనుకొనెను. పడుగునందును, పేకయందును రెండింటను ముందుగనే రంగు అద్ది, నేయునపుడు గడికి గడి కలియునట్లు కూర్చు పని లోకమున కొలది చోట్లనే కలదు. గుజరాతులోని పాటణమున పటోలా, బాలిద్వీపమున తెంగనాన్ గ్రామము, మన పుట్టపాక అట్టివి. ఆ గ్రామపు గజం గోవర్ధనుగారికి 2011లోను, గజం అంజయ్యగారికి 2013లోను పద్మశ్రీ బిరుదము లభించెను. తేలియా రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు దొరకెను. నేటి గిరాకికి ఇవియు కొంత కారణము.

శిష్యునింట పని చూచితిని. ఆముదపు కాయల పొట్టును కాల్చిన బూడిదను నీట కలిపి, ఆ తేటలో నూనె కలిపి, అందు నూలును నానవేయుదురు. దినదినము పిసుకుదురు, ఎండవేయుదురు, మరల నానవేయుదురు. ఇట్లు పదునైదు, ఇరువది దినములు. ఈ నూనె పట్టిన నూలుమీదనే ఎఱుపు గట్టిగా నిలుచును. పూర్వము చిరివేరునుండి ఆ ఎఱుపును తీసెడివారు. 1869 మొదలు జర్మనీదేశపు శాస్త్రజ్ఞుల విధానముచే అదే రంగుద్రవ్యము కర్మాగారమున తయారగుటచే వేరు త్రవ్వుట మానిరి. కాని నూనె మానలేదు. తరువాత నూలును మేకులపై వరుసగా చుట్టుటను ఆసుపోయుట యందురు. దానిమీద లెక్కప్రకారము ముడులు కట్టి రంగులో ముంచుదురు. ముడివేసినచోట రంగు పట్టదు. ఒక వన్నె అయిన పిదప ముడి విప్పి మఱొకచోట కట్టుదురు. ఇది చిటికి కట్టుట. నూలు తెచ్చినది మొదలు గుడ్డ కోసినదాక నెల దాటిపోవును. తొందరపెట్టిన దినములు తగ్గవు, గుడ్డయే తగ్గును.

వాని తల్లి నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చునపుడు కుడిచేయి పైకెత్తలేక ఎడమచేత నిచ్చి, "ఏమనుకోకుండ్రి సారూ" అని నొచ్చుకొనెను. ముప్పదియేండ్లు ఆసుపోసిన భుజమది. ఒక చీరకు చేయి తొమ్మిదివేలమారులు ఇటునటు ఆడవలెను. ఆలేరు ప్రాంతపు శారాజిపేట నేతకుటుంబమున పుట్టిన చింతకింది మల్లేశముగారు తన తల్లి పడు ఈ బాధను చూడలేక, ఏండ్లు శ్రమించి, 1999లో ఆసుయంత్రమును నిర్మించి, దానికి తల్లిపేర లక్ష్మీ ఆసుయంత్రమని పేరిడెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను. కొందఱు యంత్రమన్నంతనే చేనేతకు శత్రువందురు. ఆ తల్లి భుజమును చూచినవారు అట్లనజాలరు. దేహబాధను తీర్చి పనితనమును విడిచిపెట్టు యంత్రము మిత్రము. పనితనమును తీసివేసి పేరును మాత్రము విడిచిపెట్టు యంత్రము శత్రువు. నారాయణగూడలో నేను కొన్నది ఆ రెండవదానిచే పుట్టినది. 2019-20లో జరిగిన చేనేత గణనలో దేశమున 35.22 లక్షలమంది ఈ పనివారున్నట్లు తేలెను. వారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలే. మగ్గమన్నపుడు మనము పురుషునే తలంతుము, అది పొరపాటు.

ఇక అసలు చిక్కు. ఆ తండ్రి నాతో మెల్లగా చెప్పెను. ఇద్దఱు వర్తకులు వచ్చి దసరాలోపల రుమాళ్ళు కావలెననిరట. ఒకడు ఎన్ని యిచ్చినను కొనెదననియు, నూనెపని మాత్రము మానివేయుమనియు అడిగెనట. కొనువారికి ఆ వాసన గిట్టదట, ఇరువది దినములు మిగులునట, పేరు మాత్రము తేలియా యనియే వేసికొనునట. "అప్పున్నది పంతులుగారూ. కాదంటే ఇంకొకరి దగ్గరికి పోతడు. మా ఊళ్ళె కాకుంటే మిల్లుల చేయిస్తడు. ఏం చెయ్యాలె?" అని అడిగెను. నా శిష్యుడు గోడకానుకొని నిలిచి తండ్రి ముఖమునే చూచుచుండెను. వాడు రావలెనా వలదా యన్న ప్రశ్నకు ఉత్తరము ఈ ప్రశ్నలోనే దాగియున్నదని నాకు అప్పుడు స్ఫురించినది.

నేను చదివినది తర్కవ్యాకరణములు. వర్తకము కాదు. కాని తర్కశాస్త్రమున కారణములను వివరించునపుడు మా గురువులు మొట్టమొదట చెప్పు దృష్టాంతము గుడ్డయే. గుడ్డకు పోగులు సమవాయికారణము. పోగుల కూర్పు అసమవాయికారణము. నేతవాడును, నాడె మొదలగు పనిముట్లును నిమిత్తకారణము. నిమిత్తము తొలగినను పుట్టిన వస్తువు నిలుచును. నాడె విఱిగినను నేసిన గుడ్డ చినుగదు. సమవాయికారణము నశించినచో వస్తువే యుండదు. చిన్ననాడు ఇది కంఠస్థము చేసి పరీక్షయందు వ్రాసితినిగాని, దాని యుపయోగము అఱువదియేండ్ల వయసున ఒక నేతవారి పంచలో తెలిసినది. గిరాకి వట్టి నిమిత్తమే. వచ్చును, పోవును. అది పోయినను రుమాలు నిలుచును, మరల ఎప్పుడో మఱియొక గిరాకి దానిని వెదకికొని వచ్చును. నూనెపట్టిన పోగు పోయినచో నిలుచునది పేరొక్కటే. అప్పుడు ఎంత గిరాకి వచ్చినను దానికి ఇచ్చుటకు మనయొద్ద వస్తువుండదు.

ఈ మాటనే తేలికగా చెప్పితిని. ఆ తండ్రి చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "మాట మంచిదే సారూ. నెల తిరిగితే వడ్డీ కట్టాలె గదా" అనెను. ఆ మాటకు నాయొద్ద శాస్త్రము లేదు. ఎదుటివాని అప్పుమీద నిలిచి ధర్మము బోధించుట సులభమని సిగ్గుపడితిని.

ఆ చిక్కును విప్పినవాడు నా శిష్యుడే. నాలుగేండ్లు చట్టములు, లెక్కలు చదివినవాడు కదా. కాగితము తీసికొని తండ్రిని అడిగి లెక్కవేసెను. నూలు వెల, నూనె వెల, తల్లి ఆసు దినములు, తండ్రి నేత దినములు, చిటికి దినములు అన్నియు వరుసగా వ్రాసెను. ఆ యింట తల్లి కూలిని లెక్కలో చేర్చుట అదియే మొదటిమారట. దానినిబట్టి ధర నిర్ణయించి, ఇద్దఱు వర్తకులకును ఒకేతీరు పత్రము వ్రాసెను: నూనెనూలుతో నేసినది ఇన్ని, ఈ తేదీకి, ఈ ధరకు, సగము సొమ్ము ముందు. నూనె లేనిది కావలెనన్న నేసియిత్తుము, కాని దానిని తేలియా యనరాదు. ఈ రెండవ వాక్యమును వ్రాయునపుడు వాడు తలయెత్తి నావైపు చూచెను.

నూనె వలదన్న వర్తకుడు మరల ఫోను చేయలేదు. రెండవవాడు వారముపాటు బేరమాడి, సగమునకు బదులు మూడవవంతు ముందిచ్చుటకు ఒప్పుకొనెను. అప్పు తీరలేదు. వడ్డీ మాత్రము నిలిచినది. శిష్యుడు దసరావఱకు ఇంటనే యుండి చిటికి కట్టెను. పండుగ పిమ్మట చిక్కడపల్లికి వచ్చి, గ్రంథాలయమున తన చోట కూర్చుండెను. వాని వ్రేళ్ళకు ఎఱుపు ఇంకను వదలలేదు. "పరీక్ష ఇంకొక్కసారి రాస్త సారూ. అయితే అయితది, కాకుంటే ఓడిపోయినట్టు కాదు" అనెను. నాలుగేండ్లలో వాడు ఆ మాట అనుట నేను వినుట అదియే ప్రథమము.

వృద్ధులారా! మీలో నేతయిండ్లవారున్నారు, ఇతర వృత్తులవారున్నారు. గిరాకి నేడు రుమాలునకు వచ్చినది, రేపు మీ ఊరి కుండకో, కంబళికో, బొమ్మకో రావచ్చును. వచ్చినపుడు ఈ నాలుగు సంగతులు జ్ఞప్తియందుంచుకొనుడు.

మొదటిది, పనికి పూనుకొనుటకు ముందు ఇంటిలోని ఆడువారి కూలిని గూడ చేర్చి లెక్కవేయుడు. ఆ లెక్క లేక చెప్పిన ధర వారి భుజములమీద ఇచ్చిన రాయితీ. రెండవది, ముందు సొమ్మును, తేదీని, ధరను కాగితముమీద వ్రాయించుకొనుడు. మూడవది, భౌగోళిక గుర్తింపు వచ్చిన పనివారు ఊరి పేరు వచ్చెనుగదా యని ఊరకుండక, అధికృత వినియోగదారుగా ఎవరిపేర వారు నమోదు చేయించుకొనవలెను. ఆ గుర్తింపునకు పదేండ్లు గడువు. గడువు తీరకముందే దానిని పునరుద్ధరించుకొనవలెను. అది పేరును కాపాడును. పనితనమును కాపాడవలసినవారు మనమే. నాల్గవది, స్కాట్లండువారి లెక్కపుస్తకమును తలంచుకొనుడు. ఏ గడికి ఎన్ని పోగులు, ఏ ముడి తరువాత ఏ ముడి అనునది మీ తలలోనే యున్నది. మీ మనుమని కూర్చుండబెట్టి వ్రాయించుడు. మీతో అది పోరాదు.

కడపట ఒక మనవి. నగరమునుండి కుమారుడు ఇంటికి వచ్చి మగ్గముమీద కూర్చున్నచో, ఉద్యోగము రాలేదా యని వాకిట నిలిచి అడుగకుడు. చదువుకొన్నవాడు మగ్గమునొద్దకు వచ్చినపుడు మగ్గమునకు లెక్క వచ్చును, వాదము వచ్చును, కాదనుటకు ధైర్యము వచ్చును. మా పంతుళ్ళము ఇన్నాళ్ళును చదువనగా ఊరు విడుచుటయే యన్నట్లు బోధించితిమి. ఆ తప్పులో నాకును భాగము కలదు.

నారాయణగూడలో కొన్న ఆ అచ్చుగుడ్డను నేను పాఱవేయలేదు. మా యింట పుస్తకములపై దుమ్ము పడకుండ కప్పితిని. దాని ప్రక్కనే శిష్యుడు తెచ్చియిచ్చిన అసలు రుమాలున్నది. వెల పుచ్చుకొననన్నాడు, బలవంతముగా చేతిలో పెట్టితిని. వానలు కురిసినపుడు గదినిండ సన్నగా నూనెవాసన వ్యాపించును. మా కోడలు మొదట ముక్కు మూసికొన్నది. ఇప్పుడు అలవాటుపడినది.